మడికొండ స్టేడియానికి పాత మట్టి

ఆదివారం. పిండి రుబ్బాను, రెండు బకెట్ల బట్టలు ఆరేశాను, గ్యాస్ బుక్ చేశాను.

అన్నా, నువ్వు పోయాక మన కబడ్డీ జట్టును ఓ కంపెనీ కొనేసింది. ఇవాళ మడికొండలో కొత్త స్టేడియం తెరిచారు. జట్టు కాజీపేట నుంచి హనుమకొండకు మారినప్పుడు పాత కోర్టు మట్టిని గంపకెత్తుకుపోయి కొత్త కోర్టులో కలిపావు. మళ్లీ మారితే నన్ను కలపమని పోయేముందు చెప్పావు. హనుమకొండ మట్టిని సంచిలో తీసుకెళ్లాను.

స్టేడియం మేనేజరు ముక్కు చిట్లించాడు. “అక్కా, గా మురికి బయట పారబోయరాదు. మ్యాట్ ఖరాబైతది.”

“మురికి గాదు బిడ్డా, మీ టీమ్ ఆడిన జాగ.”

“గిప్పుడు మట్టిల ఎవరాడుతరు?” అని నవ్వాడు.

అతని వెనక గోడ మీద, జట్టు చరిత్ర అంటూ అన్నీ కంపెనీవాళ్ల ఫొటోలే. సంచి ఎత్తుకుని బయటికొచ్చాను.

ఆటగాళ్లు బస్సు దిగే చోటే సంచి గుమ్మరించి నిలబడ్డాను. అందరి బూట్లకూ అంటుకుని మట్టి లోపలికి పోయింది. నీ బాకీ తీరింది.