బ్యారేజీ మీద దణ్ణం

అన్నయ్యా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున నీ కూతురు శ్రావణి నీ సైకిలెక్కి కాలేజీకి బయల్దేరింది. వద్దంటే వినలేదు. ఆగలేక వెనకాలే నా సైకిల్ మీద నేనూ వెళ్లాను.

సీతానగరం దాటి బ్యారేజీ ఎక్కేసరికి రోడ్డంతా ఆటోలు. ఎదురుగా దుర్గమ్మ కొండ కనపడగానే, అది అచ్చం నీలాగే కుడిచెయ్యి హ్యాండిల్ మీంచి తీసి, గుండెకి ఆనించి, కళ్లు మూసుకుంది. ఆ రోజు నువ్వలా దణ్ణం పెట్టుకుంటుండగానే ఆటో గుద్దింది. ఇప్పుడూ ఒకటి హారన్ కొట్టుకుంటూ దాన్ని రాసుకున్నట్టే పోయింది. నేను గబగబా తొక్కి దాని పక్కకి చేరాను.

అవతలి ఒడ్డున ఆపి, "రెండు చేతులతో పట్టుకోవే, నీకు పుణ్యముంటుంది" అన్నాను.

"అమ్మవారు చూసుకుంటుందిలే అత్తా" అని నవ్వింది.

నువ్వూ అదే మాట అనేవాడివి. రేపు కూడా సైకిల్ మీదే వెళ్తుందట.