ట్రాఫిక్ లేని దారిలో సాలమోను

కొత్తపేట,
6-11-2005.

ప్రియమైన మనవరాలు రెబెకాకు అమ్మమ్మ కృపావతి దీవెనలు.

ముందుగా ఒక దిద్దుబాటు. "సైకిలంటే మీ అందరికీ చిన్నచూపు" అని రాశావు. తప్పు. మన వైపు సైకిలు మీద కొబ్బరికాయలు మోసేవాళ్లున్నారు, పాలు పోసేవాళ్లున్నారు. మీ తాతయ్య నన్ను పెళ్లి చేసుకుని చర్చి నుంచి ఇంటికి తెచ్చుకున్నది సైకిలు మీదే. వాళ్లలో ఎవరినీ మేము చిన్నచూపు చూడలేదు. పని లేకుండా, ఎదురు డబ్బిచ్చి, అడవిలో ఎత్తుకు సైకిలు తొక్కేవాళ్లు ఉంటారని మాత్రం ఇన్నాళ్లూ తెలియదు. నాకు! ముప్ఫై ఏళ్లు హెడ్మిస్ట్రెస్‌గా చేసినదానికి!

హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగం మానేసి మారేడుమిల్లిలో గది తీసుకున్నావు. కలప లారీలు తిరగడం మానేసిన పాత గ్రావెల్ రోడ్డు మీద పట్నం వాళ్లను సైకిళ్లెక్కించి తిప్పుతానంటున్నావు. సరే. "ఆ దారిలో ట్రాఫిక్ అన్నదే ఉండదు" అని కింద గీత గీసి మరీ రాశావే, అక్కడ ఆగిపోయాను. ట్రాఫిక్ లేదంటే పడితే చూసే దిక్కు లేదని అర్థం. కొత్తపేట సెంటర్లో సైకిలు మీంచి పడి చూడు. నువ్వు నేలకు తగిలేలోపు నలుగురు పట్టుకుంటారు. ఒకడు సోడా కొట్టిస్తాడు. ఇంకొకడు "ఎవరమ్మాయివమ్మా?" అని అడుగుతాడు. మూడోవాడు నీ బదులు జవాబు చెప్పేస్తాడు.

నీ ఉత్తరం పైకి చదివాను. మీ అమ్మ ఎస్తేరు గరిటె పొయ్యి పక్కన పడేసి వచ్చి, మళ్లీ మొదటి నుంచి చదవమంది. మీ సాలమోను మావయ్య మాత్రం, "అడవిలో బెల్లు కొడితే ఎవరు తప్పుకుంటారండీ?" అని అడిగేడు. నా కొడుకు అడిగిన మొదటి తెలివైన ప్రశ్న అది. జవాబు రాయి.

ఇట్లు,
నీ అమ్మమ్మ, కృపావతి

తా.క. చిరుతపులి సైకిలుకు ఎదురొస్తే ఎడమ పక్కకు పోవాలా, కుడి పక్కకు పోవాలా? నిబంధన ఏదైనా ఉంటే తెలియజేయి.

—

మారేడుమిల్లి,
12-11-2005.

గౌరవనీయులైన అమ్మమ్మ గారికి రెబెకా వందనాలు.

పులి ఎదురు రాలేదు. ఒక అడవికోడి మాత్రం అడ్డం వచ్చింది. నేనే ఆగాను.

అమ్మమ్మా, ఇది నాకు ఆట కాదు. మొదటి బృందం ఈ ఇరవై తారీఖున బెంగుళూరు నుంచి వస్తోంది. డాక్టరు సూర్యకుమారి గారు, ఆవిడ భర్త ఉదయ్ గారు, ఆవిడ తమ్ముడు తేజ. వీళ్లకు నచ్చి మళ్లీ వస్తామంటేనే ఈ పని నిలబడుతుంది. నచ్చకపోతే ఇంటికి వచ్చేసి టీచరు ఉద్యోగానికి డీఎస్సీ పరీక్ష రాస్తానని అమ్మకు మాటిచ్చాను. అమ్మ అప్పుడే గైడు కొనేసిందని మావయ్య కార్డు రాశాడు.

వాళ్లకు నేనిచ్చిన హామీ ఒక్కటే. రోజంతా ఒక్క ఇంజను చప్పుడు వినబడదు. అందుకని చేతులు జోడించి అడుగుతున్నాను. మీకు తెలిసిన జీపు వాళ్లను, పాస్టరు గారి వ్యానును, బైకున్న చుట్టాలను, ఎవ్వరినీ పంపకండి. ఇంజనున్నది ఏదీ ఆ రోజు ఆ రోడ్డెక్కకూడదు.

మీ
రెబెకా

తా.క. బెల్లు కొడితే కోతులు తప్పుకుంటాయని మావయ్యకు చెప్పండి.

—

కొత్తపేట,
16-11-2005.

ప్రియమైన రెబెకాకు అమ్మమ్మ దీవెనలు.

నీ మాట తు.చ. తప్పకుండా పాటిస్తున్నాను. ఇంజనున్నది ఏదీ పంపడం లేదు. సాలమోనును పంపుతున్నాను.

కోప్పడకు. వాడి సైకిలును బస్సు టాపు మీద వేయించి, కొండపైన దింపమని కండక్టరుతో మాట్లాడాను. వాడు అక్కడి నుంచి మీ వెనకాలే, కనబడకుండా, చప్పుడు చెయ్యకుండా వస్తాడు. ఎవరైనా పడితే లేవదీస్తాడు. పడకపోతే పడేదాకా ఊరుకుంటాడు. హ్యాండిలుకు కేరేజీ తగిలిస్తున్నాం. మీ అమ్మ చేసిన కోడివేపుడు, పనసపొట్టు కూర, పెరుగన్నం. పరాయి ఊరివాళ్లు నీ పేరు చెప్పుకుని వచ్చి బిస్కట్లు నములుతున్నారంటే మనం ఇక్కడ తలెత్తుకు తిరగలేం.

"వాళ్లతో మాట్లాడకూడదు, తెలిసిందా?" అన్నాను వాడితో. "ఆయ్" అన్నాడు. "అంటే, ఎదురుపడితే నమస్కారం కూడా చెప్పకూడదాండీ?" అన్నాడు. అదొక్కటీ పర్వాలేదన్నాను. మరీ మర్యాద లేకుండా ఎలా?

ఇట్లు,
నీ అమ్మమ్మ, కృపావతి

తా.క. సాలమోను సైకిలుకు బ్రేకులు లేవని మీ అమ్మ కంగారు పడుతోంది. వాడు పదేళ్లుగా ఏటిగట్టు చెప్పుకాలు ఆనించే దిగుతున్నాడు. నీ కొండ మాత్రం ఏటిగట్టు కంటే ఎంత ఎత్తుంటుందేమిటి?

—

మారేడుమిల్లి,
23-11-2005.

అమ్మమ్మ గారికి,

వందనాలు. కొండ ఏటిగట్టు కంటే ఎత్తే.

మీ ఉత్తరం నాకు ఇవాళ అందింది. మావయ్య ఇరవయ్యో తారీఖునే అందాడు.

పొద్దున్న అంతా ఎంత బాగా జరిగిందో! మంచు, వెదుళ్లు, ఎర్రటి గ్రావెల్ మీద టైర్ల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఒక మలుపు దగ్గర ముగ్గురినీ దింపి, కళ్లు మూసుకుని ఏమి వినబడుతోందో చెప్పమన్నాను. "పిట్ట" అన్నారు సూర్యకుమారి గారు. "వాగు" అన్నారు ఉదయ్ గారు. తేజ, "బెల్లు" అన్నాడు.

కళ్లు తెరిచేసరికి పైమలుపులోంచి మావయ్య. రెండు కాళ్లూ నేలకు ఆనించాడు. చెప్పులు అప్పటికే లేవు. "తప్పుకోండి బాబూ! ఇది ఆగదండీ! ఏమీ అనుకోకండీ!" అని అరుస్తూ వచ్చాడు. ఆ వేగంలోనే సూర్యకుమారి గారి ముందుకు రాగానే "నమస్కారమండీ!" అన్నాడు. ఉదయ్ గారికీ అన్నాడు. తేజకు వచ్చేసరికి టైము చాలక "నమ—" అని మాత్రం అని, వెదురు పొదలోకి వెళ్లిపోయాడు. మిగతాది పొదలోంచి వినబడింది.

ఇంజను లేకుండా ఇంత చప్పుడు చెయ్యవచ్చని నాకు ఇప్పటిదాకా తెలియదు.

ముగ్గురూ కలిసి ఆయన్ని బయటికి లాగారు. మోచేతులు గీరుకుపోయాయి. ఒంటి నిండా ముళ్లు. కేరేజీ మూత మాత్రం ఊడలేదు. కింద చెక్‌పోస్టు దగ్గర ఆపుకున్న వాళ్ల కారులోనే ఆయన్ని ఎక్కించుకుని, "సైకిళ్లు మీరు చూసుకోండి" అని నాతో ఒక్క ముక్క అని, రంపచోడవరం ఆసుపత్రికి వెళ్లారు. తిరిగి రాలేదు. మర్నాడు నేను వెళ్లి అడిగితే, మావయ్యకు కట్టు కట్టించి వెళ్లిపోయారన్నారు. ఆయన్ని దారిలో బస్సెక్కించి ఉంటారు. గంటన్నర యాత్ర, ఒక ప్రమాదం. బెంగుళూరు వెళ్లి ఏం చెబుతారో వేరే ఊహించనక్కర్లేదు.

అమ్మ గెలిచింది. శనివారం సైకిళ్లు అమ్మకానికి పెడుతున్నాను. గైడు సిద్ధంగా ఉంచమనండి.

మీ
రెబెకా

తా.క. మీ మీద కోపం లేదు. మూడు రోజుల కిందట ఉండేది. ఇప్పుడు నాకు ఏడుపు తప్ప ఏమీ రావడం లేదు.

—

కొత్తపేట,
25-11-2005.

ప్రియమైన రెబెకాకు అమ్మమ్మ దీవెనలు.

సైకిళ్లు అమ్మకు. ఆ తరవాత మిగతాది చదువు. ఉత్తరం శనివారం లోపు అందకపోతే అని దీన్ని పోస్టులో వెయ్యకుండా బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను.

నీ బృందం బెంగుళూరు వెళ్లలేదు. మా ఇంట్లో ఉంది.

ఆసుపత్రి వరండాలో సాలమోనుకు ముళ్లు తీస్తుంటే, వాడు నొప్పికి మూలుగుతూనే, "ముందు మీరు భోంచెయ్యండి, చల్లారిపోతుందండీ" అని కేరేజీ విప్పించాడట. ముగ్గురూ తిన్నారు. డాక్టరమ్మ పనసపొట్టు కూర గిన్నె వేళ్లతో తుడుచుకుని, "ఇది ఎవరు వండారు?" అని అడిగిందట. "మా చెల్లెలండి. చూపిస్తాను, రండి" అన్నాడట వీడు. నా కొడుకును నేను పూర్తిగా తెలివితక్కువవాడని ఇంతకాలం అనుకోవడం తొందరపాటు.

భోజనానికి పిలవడం మర్యాద అనుకున్నాడట; నీకు కబురు పెట్టమనడం మాత్రం నేను వద్దన్న మాటల్లోకి వస్తుందని మానేశాడట. నీకు చెప్పే వచ్చారనుకుని నేనూ ఊరుకున్నాను. కాబట్టి వాడి తెలివి గురించి పైన రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను.

వాళ్లకు నిశ్శబ్దం ఇష్టమని, వచ్చిన రోజు నేను అరగంట నోరు మూసుకుని కూర్చున్నాను. నాకు ఒంట్లో బాగులేదేమోనని డాక్టరమ్మ నాడి చూసింది. తరవాత అడిగాను: "మా అమ్మాయి దారి ఎలా ఉందమ్మా?" "అమ్మగారూ, ఆ గంటన్నరలో నాకు నా ఊపిరి వినబడింది. ఇరవై ఏళ్లయింది విని" అంది. సంక్రాంతి వెళ్లాక మరో ఎనిమిది మందితో వారం రోజులకు వస్తారట. షరతు ఒకటే. భోజనం ఆ కేరేజీలోదే అయ్యుండాలి.

"అడవిలో ఎవరు వండుతారమ్మా?" అన్నాను నేను. అడక్కుండా ఊరుకోవలసింది.

"నేనండి" అంది మీ అమ్మ.

రెబెకా, విను. నువ్వు పరీక్ష రాయాల్సిందేనని పట్టుబట్టిన ఎస్తేరు, రావులపాలెం దాటితే తలనొప్పి వస్తుందనే ఎస్తేరు, మర్నాడు తను పాఠాలు చెప్పే స్కూల్లో లాంగ్ లీవు పెట్టి వచ్చింది. నీకోసం కొన్న గైడు మీద వేడి గిన్నె దింపింది. "పుస్తకం పాడవుతుందే" అన్నాను. "అది ఇంక ఎవరికండీ?" అంది. పదిహేను రోజుల ముందే వస్తానంటోంది, నీ పొయ్యి ఎలా ఉందో చూసుకోవాలట. నువ్వు జుట్టు విరబోసుకుని సైకిలు తొక్కుతావా, టైముకు తింటావా, అన్నీ చూస్తుందట. నువ్వు ఉద్యోగం మానేశాక కూడా ఇంటికి రాకుండా అడవిలోకి పారిపోయింది ఎవరి నుంచో నాకు తెలుసు. నేనేం చెయ్యను? ఆపబోయాను. ఆగలేదు.

ఇట్లు,
నీ అమ్మమ్మ, కృపావతి

తా.క. నీ అతిథులు ఏటిగట్టు మీద తిరిగొచ్చి, బూట్లతో నా ఇల్లంతా మన్ను పోస్తున్నారు. ఈ ఉత్తరం తెచ్చిన డ్రైవరు చేతికే రెండు కొండచీపుళ్లు ఇచ్చి పంపించు. కట్ట విప్పి చూసి మరీ కొను. పైకి పొడుగ్గా కనబడతాయి, లోపల పొట్టివి కూరుతారు.