నాన్న తిరిగొచ్చే సీను

బర్‌బాంక్

కొరీన్ అక్కా,

నేను కులాసా. నా సీరియల్ ఆగిపోతుందన్న పుకారు నమ్మి అమ్మను కంగారు పడనివ్వకు. ఎగిరే హీరోల కథలు రాసి తీసే ఈ పనిలో ఇంకో ఏడాది ఉంటాను.

కిందటి భాగంలో హీరో తండ్రిని చంపేశాను. జనం ఏడ్చారు. దాంతో నిర్మాత థియా, "మన కథల్లో చచ్చినవాడు చచ్చినట్టు ఉంటాడా? ఇంకో లోకం నుంచి పట్టుకొచ్చెయ్" అంది. కుదరదన్నాను. మర్నాడు ఆ తండ్రి వేషం వేసిన ముసలాయన ఆర్విల్ వచ్చి, "ఏమయ్యా, కొండల్ని గాల్లో తిప్పుతావు, నన్నొక్కణ్ణి లేపలేవా?" అని నవ్వాడు. కళ్లు మాత్రం నా బల్ల మీది కాగితాల్లో తన వేషం కోసం వెతుకుతున్నాయి. సరేనన్నాను.

ఇల్లు వెచ్చబరిచే ఆ ఫర్నేసు బాగుచేయించారా? చలి వచ్చేస్తోంది. అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి?

ఆ సీనులో కొడుకు తలుపు తీస్తాడు, గుమ్మంలో తండ్రి. అక్కడే నా చెయ్యి ఆగిపోయింది. టైర్ల ఫ్యాక్టరీ నుంచి వచ్చాక మన నాన్న, ఉన్నన్నాళ్లూ, బూట్లు విప్పుతూ రోజూ ఒకటే మాట అనేవాడు. తలుపు తీసేదానివి నువ్వే కదా. నాకు ఆయన గొంతు గుర్తుంది, మాట గుర్తులేదు. అదేమిటో వెంటనే రాయి.

బావను అడిగానని చెప్పు. ఆ మాట మాత్రం అమ్మను అడగకు.

రస్సెల్