ఇత్తడి బిళ్ల ఉన్న తుపాకీ కర్ర

రజిత నాయినా,

కరోనాకు మూసేసిన ఆదివారం బజారు నిన్న మళ్లీ తెరిచారు. కుక్కర్ మూత కొందామని వెళ్లాను. కోసాడ్‌లో మన ఇంటి నుంచి రెండు ఆటోలు మారేసరికే ఒళ్లు హూనమైంది. పైగా మాస్కులో ఊపిరాడదు.

పాత ఇనుము అమ్మే మన సిరిసిల్ల ముసలాయన నన్ను గుర్తుపట్టి పిలిచాడు. గోనెసంచి విప్పి ఓ తుపాకీ కర్ర తీశాడు. గొట్టం లేదు, బోల్టు లేదు, ఉత్త చెక్క. భుజానికి ఆనించే వెడల్పు చివర, పక్కన మాత్రం గుండ్రటి ఇత్తడి బిళ్ల ఉంది. స్వీడన్ సైన్యం పాత తుపాకీకే ఉంటుందని ఫోన్‌లో చూపించి నా ప్రాణం తీసేవాడివే, అదే బిళ్ల. "గదొక్కటి దొరకనీయే, గోడకు తగిలిస్త" అనేవాడివి. వారమంతా బట్టల మిల్లులో సాంచాల మోతలో నిలబడి, ఉన్న ఒక్క సెలవునూ ఆ తుప్పు సామాన్లలో గడుపుతావని ఎంత తిట్టానో!

"లాక్‌డౌన్ల గూడ ఎవ్వలకు అమ్మకుండ దాసిన చెల్లె. బావ ఏడి?" అన్నాడు.

నువ్వు పోయావని ఇంకొకరికి చెప్పే ఓపిక నాకు లేదు. "డ్యూటీకి పోయిండే" అన్నాను.

కొత్తిమీరకు కూడా బేరమాడేదాన్ని, అడిగినంత ఇచ్చి కొన్నాను. కుక్కర్ మూత మాటే మరిచిపోయాను.

"దొరికిందని బావకు జెప్పు చెల్లె, మస్తు ఖుష్ అయితడు" అన్నాడు. చెప్తానన్నాను.

నీ ఫొటో కింద మన రజిత మేకులు కొడుతోంది. ముసలాయనకు మాటిచ్చాను కాబట్టి రాస్తున్నాను. దొరికిందయ్యా.