కాదు కుర్చీ ఖాళీగా ఉంది

శుక్రవారం, మధ్యాహ్నం
సెలూన్ నుంచి

చిరంజీవి బావమరిదికి,

మీ బావ ఆశీర్వదించి, కోపం ఏమాత్రం తగ్గకుండా రాయునది. ఇక్కడ నేనూ మీ అక్కా క్షేమం. నీ క్షేమం అడగను. బస్టాండు ఎదురుగా అద్దాల సెలూన్‌లో చేరావని, ఏసీలో నిలబడి కత్తెర ఆడిస్తున్నావని వచ్చినవాళ్ళందరూ చెబుతూనే ఉన్నారు. అక్షరాలు ఇంత గుండ్రంగా ఉన్నాయేమిటని ఆశ్చర్యపోకు. పెన్ను మార్చాను.

ముందే చెబుతున్నాను, ఇది బతిమాలుకునే ఉత్తరం కాదు. నువ్వు కత్తెరలూ దువ్వెనలూ సంచిలో వేసుకుని వెళ్ళిపోయిన రోజు నుంచి ఇవాళ్టి దాకా నా అభిప్రాయం వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఆరోగ్య బిల్లు రావాలి. జబ్బు చేస్తే మేడలో ఉన్నవాడికైనా మూటలు మోసేవాడికైనా వైద్యం ఖర్చు ప్రభుత్వమే పెట్టుకోవాలి, అందుకు మనమంతా తలా కాస్త పన్ను కట్టాలి. వచ్చే వారం చట్టసభలో ఓటింగు. బిల్లు నెగ్గేదాకా గడ్డం గీసుకోనని పంతం పట్టాను. సెలూన్ నడిపేవాడు గడ్డం పెంచితే ఎలా ఉంటుందో ఊహించుకో. వీధిలో పిల్లలు నన్ను సన్యాసి అంటున్నారు. మందుల షాపాయన రోజూ తొంగిచూసి, బిల్లు ఎంతవరకు వచ్చిందని కాదు, గడ్డం ఎంతవరకు వచ్చిందని అడుగుతున్నాడు. అడగనీ.

టౌన్ హాల్‌కి మన చట్టసభ సభ్యుడు జనం మాట వినడానికి వచ్చిన రోజున నువ్వు మైకు ముందు అన్న మాట ఊళ్ళో ఇంకా చెప్పుకుంటున్నారు. పొద్దస్తమానం ఊరందరికీ నేను క్షవరం చేస్తాను, ఈ బిల్లు వస్తే సర్కారు నాకు క్షవరం చేస్తుంది అన్నావు. హాలంతా గొల్లున నవ్వింది. నిజం చెప్పొద్దూ, నాకూ నవ్వొచ్చింది. మీసం కింద దాచుకున్నాను. నీ తర్వాత నేను లేచి, పన్ను క్షవరమే అయితే జుట్టు మళ్ళీ మొలుస్తుంది, ఇవాళ పెద్దాస్పత్రులు జనానికి కొడుతున్నది నున్నటి గుండు అన్నాను. నాకూ చప్పట్లు పడ్డాయి. నీకే ఎక్కువ పడ్డాయి, ఒప్పుకుంటున్నాను. ఊళ్ళో కాదనేవాళ్ళే ఎక్కువ. అయితే ఏం?

మర్నాటి నుంచి ఆ సభ మన సెలూన్‌లోకి వచ్చి కూర్చుంది. మొహాల నిండా నురగతో వాదులాడుకునేవాళ్ళు. లెక్కల మాస్టారు ఔనన్నారని టైర్ల షాపాయన టవలు విసిరికొట్టి, సగం గడ్డంతో రోడ్డెక్కాడు. అప్పుడే నేను బోర్డు రాయించాను: ఔననేవాళ్ళు కిటికీ పక్క కుర్చీ, కాదనేవాళ్ళు ఫ్యాను కింద కుర్చీ. కిటికీ పక్కది నాది, ఫ్యాను కిందిది నీది. నీ కుర్చీ దగ్గర జనం బారులు తీరారు. నా దగ్గర లెక్కల మాస్టారూ, పోస్టుమానూ, ఈగలూ. నీకేం నష్టం చెప్పు? కానీ నువ్వు బోర్డు చూసి మొహం మాడ్చుకున్నావు. కుర్చీకి పార్టీ ఏమిటి బావా, నలుగురిలో నన్ను వేరు చేసి నిలబెడతావా, తీసెయ్ అన్నావు. తియ్యనన్నాను. ఆ బోర్డన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి అన్నావు. నీ ఇష్టం అన్నాను. ఇంతేగా జరిగింది? నీ ఇష్టం అంటే పొమ్మని అర్థమా? సబ్బు నురగ కలపడం దగ్గర నుంచి నీకు పని నేర్పినవాణ్ణి, ఆ మాత్రం మాట అనకూడదా?

బోర్డు ఇంకా అక్కడే ఉంది. తియ్యను.

నీ కుర్చీ మీద దుప్పటి కప్పి ఉంచాం. నీ పక్షం వాళ్ళు సగం మంది నీ వెంట బస్టాండుకు వచ్చేశారు. మిగతావాళ్ళు అక్కడి రేట్లు చూసి హడలిపోయి జులపాలు పెంచుకుంటున్నారు. బ్యాంకు మేనేజరొక్కడే పార్టీ పక్కనపెట్టి నా కుర్చీలో కూర్చున్నాడు. చెవి దగ్గర చిన్న గాటు పడింది. తల కదిపింది ఆయనే. దూది పెట్టి పంపించాను. ఆయన దాన్ని ఊరంతా చాటాడు, నీ దాకా వచ్చే ఉంటుంది. నమ్మకు.

ఇక నువ్వు గడప దాటుతూ అన్న మాట. సర్కారు వైద్యం గురించి నాకు చెప్పకు బావా, అమ్మ టోకెన్ చేతిలో పట్టుకుని బెంచీ మీదే పోయింది అన్నావు. అది మాత్రం గుచ్చుకుంది. ఆ రోజు అత్తయ్య పక్కన నేనూ కూర్చున్నాను. టోకెన్ జారి కింద పడితే తీసి మళ్ళీ ఆవిడ వేళ్ళ మధ్య పెట్టింది నేనే. ఆ ఆస్పత్రిని చూశాక నువ్వు సర్కారును జన్మలో నమ్మనంటావు. అదే ఆస్పత్రిని చూసి నేను ఇంకోలా అంటాను: గతిలేనివాళ్ళు మాత్రమే వెళ్ళే చోటు గనక అది అలా ఉంది, మేనేజరూ మంత్రీ కూడా అదే బెంచీ మీద కూర్చోవాల్సి వస్తే అలా ఉండనివ్వరు. నీ బాధ అబద్ధం కాదు, నా మాటా అబద్ధం కాదు. ఒకే బెంచీ మీద నుంచి లేచి చెరోవైపు నడిచాం. ఇలా రాశానని మెత్తబడ్డాననుకునేవు. లేదు.

బిల్లు నెగ్గితే నున్నటి గడ్డంతో నీ అద్దాల సెలూన్ ముందు నుంచి అటొకసారి ఇటొకసారి నడుస్తాను. ఓడితే ఇంకో బిల్లు వచ్చేదాకా పెంచుతాను, బొడ్డు దాకా వచ్చినా సరే. ఈ మాటకు మీ అక్క నా పక్కన కూర్చుని పళ్ళు ఇకిలిస్తోంది. ఇకిలించనీ. నిన్ను మార్చాలని నాకేం లేదు. వస్తే కాదంటూనే రా. రాకపోతే మానెయ్. అద్దం వెనక నీ దువ్వెన ఒకటి మర్చిపోయావు, కనీసం దానికోసమైనా రావచ్చు.

ఇట్లు,
ఔను కుర్చీలో నుంచి లేవని
నీ బావ

తా.క. తమ్ముడూ, ఇక్కణ్ణుంచి మాట నాది. రాత మొదటి నుంచీ నాదే, నా గుండ్రటి అక్షరాలు నీకు తెలియనివా? మీ బావ చెబుతుంటే రాశాను. మారింది పెన్ను కాదు, చెయ్యి. ఆయన కుడిచెయ్యి ఏడాదిగా వణుకుతోంది. బోర్డు పెట్టింది నిన్ను వేరు చెయ్యడానికి కాదురా. ఊళ్ళో కాదనేవాళ్ళే ఎక్కువని సభలో చూశారు కదా, వాళ్ళంతా నీ కుర్చీకి వెళ్ళిపోతే తన కత్తి కింద ఎవరి గొంతూ పెట్టనక్కర్లేదని. ఇన్సూరెన్సు మనిషి వచ్చి, ఆయన టీ గ్లాసు పట్టుకున్న తీరు చూసి, ఇది ముందే ఉన్న జబ్బు, పాలసీ కుదరదు అని లేచి వెళ్ళిపోయాడు. నీకు చెబుతానంటే నా చేత ఒట్టు వేయించుకున్నారు. వాడు కాదంటే వాడి బుర్రతో కాదనాలి, ఔనంటే వాడి బుర్రతో ఔననాలి, నా చెయ్యి చూసి జాలిపడి అనకూడదు అన్నారు. ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాను.

నాది ఏ కుర్చీ అని మీ ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. అమ్మ నాకూ అమ్మే. నేనేమనుకుంటున్నానో నువ్వొచ్చాక ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టి చెబుతాను, మధ్యలో లేస్తే ఊరుకోను.

రాసింది మొత్తం చదివి వినిపించమంటున్నారు. సంతకం దాకానే వినిపిస్తాను. ఆ గడ్డం మాట కూడా నమ్మకు. పంతమూ లేదు, పాడూ లేదు. తనది తాను గీసుకోలేరు, ఊళ్ళో ఇంకొకరి ముందు తల వంచరు. బిల్లు నెగ్గనీ, ఓడనీ, ఓటింగు దాకా ఆగకు. కత్తి తీసుకుని రా.