మంగళవారం తెచ్చిన కోడి

ఏమండీ,

మీ ఫ్యాక్టరీకి వచ్చిన జపాను ఇంజనీరు ఇచ్చిన సోయా సాసులో అల్లం, వెల్లుల్లి, కాస్త బెల్లం కలిపి కోడిని మధ్యాహ్నమే నానబెట్టాను. రాగానే కుంపటి రాజేసి గిన్నె పెట్టండి. మూత మీద కూడా నాలుగు నిప్పులు వేస్తేనే పైన ఎర్రబడుతుంది. ఉప్పు వేయకండి, సాసులోనే చాలా ఉంది.

ఆదివారం తప్ప కోడి తేని మనిషి మంగళవారం తెచ్చినప్పుడే నాకు అనుమానం వచ్చింది. మీ సంచి విప్పి చూస్తే దుప్పటి, పళ్లపొడి! పగటి డ్యూటీకి దుప్పటెందుకు?

పక్కింటి ఎలీశమ్మను అడిగాను. "గదేంది వదినా, నీకు ఎరుకలేదా? రేపు తెలంగాణ సత్యాగ్రహంల మా తీతన్న పేరు సుత ఉన్నది. జైలుకు పోతడట" అంది.

వాడలో అందరికీ చెప్పి, నాకు మాత్రం కోడి పెట్టి సరిపెడదామనుకున్నారా?

నేను దిల్‌సుఖ్‌నగర్ శిబిరానికి వెళ్తున్నాను. మీ పేరు కింద నా పేరు రాయించి రాత్రికి వస్తాను. పిల్లలను చూసుకోమని అక్కతో చెప్పేశాను.

రెబెక్క

మరిచాను. రేపు ఆడవాళ్లను వేరే పోలీసు వ్యానులో తీసుకెళ్తారట. అందుకని నేను వచ్చేదాకా తినకండి. ఈ పూట ఒకే కంచంలో తిందాం.