రెట్టింపు బరువుల పరలోకం

తమ్ముడికి అక్క దీవెనలు. ఇక్కడ నేను, మీ బావ, దుకాణంలో కాటాలు అందరం క్షేమం. నా కోపానికి ఒక్కదానికే ఒంట్లో నిలకడ లేదు. నువ్వూ మరదలూ కుశలమని తలుస్తాను.

కిందటి ఉత్తరంలో మూడు సంగతులు అడిగావు. నడుము ఎలా ఉందన్నావు. ఇనుప కాటాలెత్తే నడుము ఎలా ఉంటుందో అలాగే ఉంది. ప్రార్థన గది పైకప్పు కారడం ఆగిందా అన్నావు. ఆగింది, వాన ఆగింది కనుక. "నా రెండో ఉత్తరం అందిందా" అన్నది మూడోది. దానికి చివర్లో జవాబిస్తాను. ముందు నా కోపం కాస్త దిగనీ.

ఆ పత్రికవాళ్ళకు సిగ్గు లేదట్రా? మీ ఖగోళ పరిశోధకులు సూపర్ ఎర్త్ అని పిలిచే ఆ గ్రహానికి నీలం రంగు పూసి, మబ్బులు దిద్ది, "భూమికి పెద్దక్క" అని అచ్చేశారు. దాని మొహం మనిషన్నవాడెవడూ చూడలేదని నువ్వే రాశావు కదా! అక్కడి వెలుగు ఇక్కడికి రావడానికే నలభై ఏళ్ళు. అది తన సూర్యుడి ముందు నుంచి దాటినప్పుడు వెలుగు రవ్వంత తగ్గుతుంది, దాన్నిబట్టి సైజు. అది లాగే లాగుడికి ఆ సూర్యుడు అటూ ఇటూ ఊగుతాడు, దాన్నిబట్టి బరువు. మీ చేతికి దొరికింది అంతే. ముప్పై ఏళ్ళుగా కాటాలు బాగుచేస్తున్నదాన్ని. పళ్ళెం లేకుండా, రాళ్ళు లేకుండా ఒక లోకాన్నే తూచారంటే నాకు ఒళ్ళు పులకరించింది. అలాంటి తూకం మీద రంగు పూసే హక్కు వీళ్ళకెవరిచ్చారు? పెద్దక్కట! నేనూ పెద్దక్కనే. దగ్గరికొచ్చినవాళ్ళను మాడ్చి మసిచేసేదాన్ని అక్క అంటారా?

నీ మీదా కోపమే. మొదటి ఉత్తరంలో రెండు ముక్కలు రాసి ఊరుకున్నావు. "అక్కా, అక్కడ సముద్రం ఉండే వీల్లేదు. ఒక వైపు ఎప్పుడూ సూర్యుడికేసే తిరిగి ఉంటుంది, ఆ వైపు రాత్రన్నదే లేదు" అని. ఒరేయ్, ఆ రెండు ముక్కలూ నాలాంటిదానికి రాయవచ్చా? రాబోయే కొత్త భూమికి సముద్రం ఉండదనీ, అక్కడ రాత్రి ఉండదనీ పరిశుద్ధ గ్రంథం ఆఖరి పుటల్లో ఉంది. నేను బడి మొహం నాలుగేళ్ళే చూశాను గానీ, వాక్యం మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఇంకేం, ఆ ఆదివారం మేడమీది ప్రార్థన గదిలో ప్రసంగిస్తూ బల్ల గుద్ది అరిచాను. "సముద్రం లేదు! రాత్రి లేదు! నా తోడబుట్టినవాడు కొలిచి చెప్పాడు!" గది దద్దరిల్లింది. వెనక బెంచీలోంచి మీ బావ మెల్లిగా, "అక్కడికి బస్సు ఎన్నింటికో?" అన్నాడు. ఇంటికొచ్చాక చెప్పాన్లే ఆయన సంగతి.

ముందు వరసలో మోకాళ్ళ అత్త కూర్చుంటుంది. నువ్వు వెళ్ళాక వచ్చిన మనిషి, అందరికీ అత్తే. ఇరవై ఏళ్ళు ఒక హోటల్లో నేలలు తుడిచి తుడిచి మోకాళ్ళు అరగదీసుకుంది. మా మేడకు పద్నాలుగు మెట్లు. మెట్టుకొక ప్రార్థన చేసుకుంటూ ఎక్కుతుంది. ఏడాది తిప్పించుకుని ఆసుపత్రివాళ్ళు మోకాళ్ళ ఆపరేషనుకు తేదీ ఇచ్చారు. రెండో ఆదివారం కూడా నా ప్రసంగం విని, సోమవారం వెళ్ళి ఆ తేదీ రద్దు చేయించుకుంది. "కొత్త భూమి మీద కొత్త కాళ్ళొస్తాయి కదమ్మాయ్, ఈలోగా కోయించుకోవడం దేనికి?" అని నవ్వింది. కత్తంటే ఆవిడకు భయం. ఆ భయానికి నేను వాక్యం తొడుగు వేసి ఇచ్చాను.

ఇక నీ మూడో ప్రశ్న. అందిందిరా. రెండో ఆదివారానికి ముందురోజే, శనివారం మధ్యాహ్నమే అందింది. బరువు తగ్గిన తూకపు రాయిని సరిచేయడానికి దాని అడుగున గుంతలో సీసం పోస్తూ చదివాను. "సూర్యుడికేసి ఉన్న వైపు సీసం కూడా కరిగిపోతుందక్కా" అని రాశావు. అప్పుడు నా గరిటెలో సీసం కరిగి తళతళలాడుతోంది. ఒక్క చుక్క పడితే ఏమవుతుందో నా మణికట్టు మీద మచ్చనడుగు. రెండో వైపు ఎన్నటికీ తెల్లవారదన్నావు. అక్కడ ఏడాదంటే మన రెండున్నర రోజులన్నావు. భూమికి ఐదింతల బరువు, వెడల్పు మాత్రం ఒకటిన్నర రెట్లకు కాస్త పైన, అంచేత నిలబడ్డ మనిషి బరువు దాదాపు రెట్టింపన్నావు. గాలి ఉందో లేదో ఇంకా తెలియదన్నావు.

అంతా చదివాను. మడిచి గ్రంథంలో సరిగ్గా ఆ పుట దగ్గరే పెట్టాను. మర్నాడు ఆ పుట తెరిచి, నీ ఉత్తరం మీద అరచెయ్యి ఆనించి, మళ్ళీ అదే అరిచాను. దొంగ తూకం దేవుడికి అసహ్యమని ప్రతి కొట్టువాడికీ మొహమ్మీదే చెప్పినదాన్ని! కాటా మీద బొటనవేలు నొక్కేవాణ్ణి పదడుగుల దూరం నుంచి పట్టేస్తాను. నా బొటనవేలు నాకు కనిపించలేదంటే అబద్ధం. కనిపించింది. నా మాటకు జనం లేచి నిలబడడం బాగుంది, అందుకని తియ్యలేదు. పత్రికవాళ్ళు పూసింది ఉత్త రంగు. నేను పూసింది వాక్యం.

అత్త తేదీ రద్దు చేయించుకుందని తెలిసిన ఆదివారం, నీ ఉత్తరం మొదటి అక్షరం నుంచి అందరిముందూ చదివాను. అది నా చేతికి ఏరోజు వచ్చిందో కూడా చెప్పాను. ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. వెళ్ళాల్సిందే. అత్త మాత్రం ఒక్కచోటే పట్టుకుంది.

"ఆగమ్మాయ్. నా బరువు రెట్టింపా? ఈ కాళ్ళతోనా?"

"అవునత్తా."

"మెట్లుంటాయా?"

"తెలీదత్తా. ఎవరికీ కనిపించలేదట."

"తెలీని చోటికా నన్ను తోలేస్తున్నావు, నీ నోరు పడిపోను! పద ఆసుపత్రికి."

మర్నాడే వెళ్ళాం. కిటికీ దగ్గర గంటసేపు అరిచాను. ఆ గుమాస్తా తప్పేముంది పాపం. ఆ తేదీ ఇంకెవరికో ఇచ్చేశారు. మళ్ళీ ఏడు నెలలకు గానీ కుదరదట. ఆ నొప్పి తీసి నా మోకాళ్ళలో పెట్టమని ప్రార్థించి చూశాను. దేవుడు ఒప్పుకోవడం లేదు.

అంచేత ఈ ఏడు నెలలూ ప్రసంగం వేరేవాళ్ళకు అప్పగించాను. నువ్వు మాత్రం ఇకమీదట ఏది కొలిచినా, తెలియనిదేమిటో మొదటి పుటలో రాయి, తెలిసింది తర్వాత రాయి. అక్కకు రాసేటప్పుడు మరీ జాగ్రత్త.

ఇప్పుడు నా పని మెట్ల దగ్గర. అత్తను కుర్చీలో కూర్చోబెట్టి, బావ ఒక వైపు, నేనొక వైపు పట్టుకుని ఎక్కిస్తున్నాం. "మెల్లిగా! నేను సిమెంటు బస్తానా?" అని దారంతా తిడుతుంది. మొదటిసారి ఎత్తేముందు దుకాణంలో పెద్ద కాటా మీద కుర్చీతో సహా తూచాను. ఎనభై కిలోలు. నీ గ్రహం మీదైతే నూట యాభై ఆరు. ఇక్కడ, తమ్ముడూ, ఇద్దరం కలిస్తే మోయగలుగుతున్నాం.

ఇట్లు,
కింద అత్త కేకేస్తోంది కనుక ఇక్కడితో ఆపుతున్న
నీ అక్క